ఏ తేదీదమ్మా

ఎయిర్ బైపాస్ రోడ్డులో నాలుగో అంతస్తు.
లిఫ్టు పనిచేస్తే నేనెక్కతా,
చెయ్యకపోతే నా మోకాళ్లు ఎక్కతాయి.
మొగుడు తెల్లారకముందే వ్యానులో శ్రీసిటీకి పోతాడు.
ఆమె ఒక్కతే ఉంటాది. పేరు ఫుసాయె.
నా నోట్లో పడి పూసాయమ్మ అయిపోయింది.

మొదటి రోజే నాకు కోపమొచ్చింది.
కుక్కర్లో అన్నం పొగలు కక్కతానే ఉండాది,
గుప్పెడు గుప్పెడు తీసి పల్చటి కవర్లో చుట్టి
బాలింత బిడ్డను పండేసినట్టు
ఫ్రీజర్లో పండేసింది.
"ఉడుకుడుకన్నం మంచులో పెడతారా మా యాడన్నా?"
గోడమీది గడియారం చూపించి రెండేళ్లు ఎత్తింది.
రెండు గంటలు. అంతకు మించి బయట ఉండకూడదంట.
మే నెల. తిరపతి.
మిద్దెమీద గచ్చు అట్లపెనం మాదిరి కాలతా ఉంటే
నేను నవ్వుకున్నా,
రేత్రంతా కుండలో అన్నం నానేసి
తెల్లార్తో తాగే మనిషిని.

ఇంకోనాడు వాళ్లూరి కూర చేసింది.
ఉర్లగడ్డ, క్యారెట్టు, ఎర్రగడ్డ, చిక్కటి గుజ్జు,
కారం మాత్రం మొగమాటానికి వేసినంత.
రెండోనాటికి రుచి జాస్తంట, వాళ్ల దేశంలో అందరూ అంటారంట.
మా చేపల పులుసు గూడా అంతే మా, అన్న్యా.
ఆమె తలాడించి,
గిన్నెను ఐసునీళ్ల బేసిన్లో దించి
చల్లారేదాకా కలబెడతానే ఉండాది.
"మళ్లీ కాంచుకుంటే సరిపోదా?"
ఆమె కండ్లు మూసింది, గురకపెట్టింది.
ఒక కన్ను తెరిచింది. రెండోది తెరిచింది.
పదేళ్లతో బెంచీమీద పాకింది.
ఉడుకులో నిద్రపోయేటివి
గోరువెచ్చటి గిన్నెలో లేస్తాయని
నాకు మాటల్లేకుండానే తెలిసిపోయింది.

అన్నిటిమీదా నీలం టేపు, టేపుమీద తేదీ.
తేదీ దాటితే చెత్తబుట్ట.
నా సంచిలో ఖాళీ టిఫిన్ డబ్బా ఉంటాది ఎప్పుడూ.
అది చూస్తానే పారేసింది.
మాడు మండిపోయింది నాకు.
పీనాసిది, పనిమనిషికిచ్చే మనసు లేదు
అనుకుంటా మెట్లు దిగినా.

దిగతా ఉంటే మూడో అంతస్తుకాడ
మా చిన్నోడు గుర్తొచ్చినాడు.
పద్మావతీపురంలో పొద్దున పనిచేసే ఇంట్లో
పెండ్లి మిగులు బిర్యానీ ఇచ్చినారు పోయినేడు,
"కాంచుకుని తినండి మునెమ్మా" అని, ప్రేమగానే.
రుయాలో రెండు రేత్రిళ్లు సెలైను.
వాడి చెయ్యి పట్టుకుని కూచుంటే
ఫోనొచ్చింది: అంట్లు అట్నే ఉండాయి, రాలేదేమని.

మర్నాడు పూసాయమ్మ
వాళ్లు తినకముందే, మొదటి గరిటె
నా డబ్బాలో వేసింది.
మూతమీద నీలం టేపు.
తను తినంది నాకు పెట్టదంట.
అది చెప్పేదానికి ఫోను రెండుసార్లు తప్పు తెలుగు పలికింది.
మూడోసారికి నేనే ఆపమన్న్యా.

ఒకనాడు నా సద్ది చూసింది.
వాసన చూసి ముక్కు ముడిచింది, స్పూనుతో తాగింది.
మళ్లీ తాగింది.
పుల్లటి ఉప్పటి ఎర్రపండొకటి తెచ్చి
నా గిన్నె నడిమధ్య వేసింది.
తన అన్నంలో టీనీళ్లు పోసుకుంది!
నేను ఊరిబిండి ఇంత పెట్టినా.
ఆమె కండ్లలో నీళ్లు, చెయ్యి మాత్రం ఆగలా.
"తేదీ?" అనింది, నా గిన్నె చూపించి.
రేత్రిది మా. రేపటికి ఉండదు.
ఇది మిగిలింది కాదు, మిగిల్చింది.
ఈ ముక్క ఫోనుకు చేతగాలా.

ఈ పొద్దు పద్మావతీపురంలో
ఆ యమ్మ ఫ్రిజ్జు తెరిచి
లోపలి మూలనుంచి సాంబారు గిన్నె తీసింది.
"తీస్కపో మునెమ్మా, బాగానే ఉండాది."
చెయ్యి చాపబోయి,
చీరకొంగుకు తుడుచుకున్నా.
"ఏ తేదీదమ్మా?"

ఆమె గిన్నె వంక చూసింది, నా వంక చూసింది.
తలుపు ఎంతసేపు తెరిచిందో ఏమో,
ఫ్రిజ్జు కుయ్ కుయ్యని అరస్తా ఉండాది.